కార్డు ఉంది, కౌంటర్‌లో చెల్లడం లేదు

ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు హెల్త్ కార్డు మీద చేసిన వైద్యానికి ప్రభుత్వం నుంచి ఆసుపత్రులకు రావాల్సిన బకాయిల గొడవ మళ్లీ రాజుకుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగే రిటైర్డ్ మాస్టార్ల మధ్య మళ్లీ పాత ప్రశ్నే: హెల్త్ కార్డునే నమ్ముకోవాలా, సొంతంగా ఆరోగ్య బీమా పాలసీ తీసుకోవాలా?

ఉద్యోగి ముందు బిల్లు కట్టి, తర్వాత ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోవాలన్న 1972 నాటి రీయింబర్స్‌మెంట్ నిబంధనలు పాతవే. అసలు మలుపు 2013లో వచ్చింది. దానికి విత్తనం పడింది మాత్రం 2007 ఏప్రిల్ 1న. పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తెల్లకార్డున్న పక్కింటాయన పైసా కట్టకుండా గుండె ఆపరేషన్ చేయించుకుని వస్తే, ఉద్యోగి అప్పు చేసి బిల్లు కట్టి, ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. మాకూ నగదు రహిత వైద్యం కావాలన్న డిమాండ్ అలా బలపడింది. 2013 చివర్లో ఉద్యోగుల ఆరోగ్య పథకం వచ్చింది. స్థాయిని బట్టి నెలకు 90 లేదా 120 రూపాయల కోత, పింఛనులోనూ అంతే. తర్వాత అదీ పెరిగింది.

పింఛనుదారుల వాదనంతా ఈ కోత మీదే నిలబడింది. ఊరికే ఇచ్చింది కాదు, డబ్బు కట్టి కొనుక్కున్నదంటారు వాళ్లు. ‘ముందు డబ్బు కట్టండి, బిల్లు తర్వాత పెట్టుకోండి’ అని కౌంటర్‌లో చెబితే మళ్లీ 2013కి వెనకే ఉన్నట్టు కదా! బకాయిలు విడతలవారీగా చెల్లిస్తున్నామన్నది ప్రభుత్వం మాట.

ఆ కార్డు ఇంకో పని కూడా చేసింది. నలభై అయిదేళ్ల వయసులో బీమా ఏజెంటు వస్తే ‘మనకు కార్డు ఉందిగా’ అని పంపేసినవాళ్లు ఎందరో. ఇప్పుడు 62లో షుగరు, బీపీ రాసి ఫారం నింపితే ప్రీమియం చూసి కళ్లు తిరుగుతున్నాయి. నిబంధనలు సడలిన మాట నిజమే. 2024 ఏప్రిల్‌లో కొత్త పాలసీకి 65 ఏళ్లే హద్దన్న గీత చెరిగింది, పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన గడువు గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. కానీ మోకాలో, గుండో మూడేళ్లు ఆగాలి కదా. 70 దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన 5 లక్షల కార్డు ఇంకా ఎనిమిదేళ్ల దూరం.

మొన్న ఒకాయన ఫారంలో ‘ఇప్పటికే ఉన్న ఆరోగ్య బీమా’ గడి దగ్గర పెన్ను ఆపి పక్కాయన్ని అడిగారు: “ఉందని రాయాలా మాస్టారూ, లేదని రాయాలా?”