సర్వైవర్ ఆట: కదలకుండా కూర్చున్నవాడే బతుకుతాడా?

‘డెడ్ బై డేలైట్’ కొత్తగా మొదలుపెట్టిన నలుగురు బెజవాడలో ఒక గేమింగ్ కేఫ్‌లో కూర్చున్నా, గుంటూరులో ఎవరింట్లో వాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని కాల్‌లో ఉన్నా, మొదటి పది నిమిషాల్లో వినిపించే మాట ఒకటే: “ఒరేయ్, కదలకు, గడ్డిలో కూర్చో!” ఆ సలహాతోనే నలుగురూ ఓడిపోతారు. బిహేవియర్ ఇంటరాక్టివ్ తయారుచేయగా 2016లో విడుదలైన ఈ ఆట చూడటానికి దాగుడుమూతల్లా ఉంటుంది, లోపలంతా సెకన్ల లెక్క. నలుగురు సర్వైవర్లు, ఒక కిల్లర్. మైదానంలో ఏడు జెనరేటర్లు ఉంటే ఏవైనా ఐదు బాగుచేయాలి, తర్వాత రెండు గేట్లలో ఒకటి తెరిచి బయటపడాలి. కొత్తవాళ్లు నమ్మే మాటల్ని ఈ లెక్కలో పెట్టి చూస్తే చాలావరకు నిలవవు.

అపోహ: దాక్కుంటేనే బతుకుతాం

ఒక జెనరేటర్ ఒక్కరే చేస్తే 90 సెకన్లు. కిల్లర్ ఒకరి వెంట పడ్డాడనుకుందాం. మిగతా ముగ్గురూ వేర్వేరు జెన్‌ల (జెనరేటర్ల) మీద ఉంటే 90 సెకన్లలో మూడు పూర్తవుతాయి. అందులో ఒకరు రాయి వెనక ముడుచుకుని కూర్చుంటే రెండే అవుతాయి. అంటే దాక్కున్న ప్రతి నిమిషంన్నరకీ జట్టు ఒక జెన్ పోగొట్టుకుంటున్నట్టే. పైగా పనేమీ చేయకుండా ఎక్కువసేపు నక్కితే నెత్తి మీద కాకులు తిరగడం మొదలై, మీరెక్కడున్నారో అవే చెబుతాయి.

వంగి నడవడం కూడా ఇలాంటిదే. పరుగు వేగం సెకనుకు 4 మీటర్లు, నడక 2.26, వంగి నడిస్తే 1.13. నలభై మీటర్ల దూరంలో ఉన్న జెన్‌కి పరుగున పది సెకన్లు, నడిస్తే పద్దెనిమిది, వంగితే ముప్పై ఐదు. పరుగెత్తితేనే నేల మీద ఎర్రని గీతలు పడతాయి, కొద్ది సెకన్లలో చెరిగిపోతాయి. కాబట్టి కిల్లర్ మైదానం అవతలి చివర ఇంకొకరిని తరుముతుంటే మీరు పరుగెత్తండి. మీ వైపు వస్తుంటే ఆ చివరి పది పదిహేను మీటర్లు మాత్రం నడవండి. వంగడం గోడ వెనక నిలబడే రెండు క్షణాలకి చాలు.

లాకర్ (లోపల దాక్కునే బీరువా) సంగతి ఒక్క ముక్కలో: పరుగున వెళ్లి దూరితే తలుపు చప్పుడవుతుంది, కిల్లర్ తలుపు తీశాడంటే దెబ్బ కూడా వేయకుండా నేరుగా భుజాన వేసుకుంటాడు. కొత్తలో దాని జోలికి పోకండి.

అపోహ: కిల్లర్ కనబడగానే వీలైనంత దూరం పారిపోవాలి

మామూలు కిల్లర్ వేగం సెకనుకు 4.6 మీటర్లు. మీది 4. ఖాళీ జాగాలో నేరుగా పరుగెత్తితే ప్రతి సెకనుకీ 0.6 మీటరు దగ్గరవుతాడు. పన్నెండు మీటర్ల ముందున్నా ఇరవై సెకన్లలో అయిపోతుంది. చివర్లో ముందుకు దూకి కొడతాడు కాబట్టి నిజానికి ఇంకా ముందే. 4.4 వేగం ఉన్న నెమ్మది కిల్లర్ అయితే అదే దూరానికి ముప్పై సెకన్లు.

బడిలో ఖో-ఖో ఆడినవాళ్లకి ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. రన్నర్ కోర్టు బయటికి పారిపోడు, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి మెలికలు తిరుగుతూ టైమ్ తింటాడు. ఇక్కడ ఆ పని గోడలు, కిటికీలు, పాలెట్లు (కిల్లర్‌కి అడ్డంగా పడేసే చెక్క పలకలు) చేస్తాయి. వాటి చుట్టూ తిరగడాన్నే లూప్ అంటారు.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాల వరసలు తలుచుకోండి. నడుమెత్తు పేర్చితే అవతలి మనిషి కనబడతాడు, తలెత్తు దాటితే కనబడడు. లూప్‌లూ ఈ రెండు రకాలే. పొట్టి లూప్‌లో ఇద్దరికీ ఒకరి కదలిక ఒకరికి తెలుస్తుంది, వాడు ఏ వైపు తిరిగితే మీరు దానికి ఎదురు. పొడుగు గోడ దగ్గర కిల్లర్ ముఖం ముందు నేల మీద పడే ఎర్ర వెలుగు చూసి వాడు ఎటు నుంచి వస్తున్నాడో పట్టాలి. ఆరితేరిన కిల్లర్ వెనక్కి నడుస్తూ ఆ వెలుగును దాచేస్తాడు. అందుకే వెలుగు ఒక్కసారిగా మాయమైతే వాడు వెళ్లిపోయాడని సంబరపడకండి, ఒక అడుగు వెనక్కి వేయండి.

కిటికీ దాటడంలో మూడు రకాలున్నాయి. తిన్నగా ఎదురుగా, కాస్త దూరం నుంచి పరుగున వస్తే అర సెకనులో దాటేస్తారు. పక్కవాటుగా వచ్చి నొక్కితే 0.9 సెకను. ఆగి నొక్కితే ఒకటిన్నర. కొత్తవాళ్లకి కిటికీ దగ్గర తగిలే దెబ్బలు ఎక్కువగా ఆ మూడో రకంవే. కంగారులో గోడ రాసుకుంటూ వచ్చి, ఒక్క క్షణం ఆగి నొక్కుతారు. కిల్లర్‌కి మాత్రం అదే కిటికీ దాటడానికి 1.7 సెకన్లు పడుతుంది కాబట్టి చుట్టూ తిరిగి రావడానికే చూస్తాడు. ఒకే చేజ్‌లో ఒకే కిటికీని మూడుసార్లు వాడితే అది మీకు కాసేపు మూసుకుపోతుంది. రెండోసారికే తర్వాతి చోటు ఏదో చూసుకుని ఉండాలి.

ఇక పాలెట్. ఒకసారి పగిలిందంటే మామూలుగా మళ్లీ రాదు, ఇది మనసులో పెట్టుకోండి. కిల్లర్ ఇంకా ఎనిమిది మీటర్ల దూరంలో ఉండగానే పడేస్తే, వాడు రెండు సెకన్ల పైచిలుకులో తన్ని పగలగొట్టి మళ్లీ వెంటపడతాడు. ఆ లూప్ చుట్టూ ముందు రెండు మూడు చుట్లు తిరిగి, వాడు దెబ్బ వేసే దూరానికి వచ్చినప్పుడు పడేస్తే ఇరవై ముప్పై సెకన్లు మిగులుతాయి. నెత్తిన పడితే రెండు సెకన్లు స్తంభించిపోతాడు. అయితే ఆశ ఎక్కువై చివరి క్షణం దాకా ఆగితే పాలెట్టూ పడుతుంది, మీరూ పడతారు. మొదటి పాతిక మ్యాచ్‌లు కాస్త ముందుగానే పడేయడం మేలని మా అభిప్రాయం. పాలెట్ దండగైనా ఆట సాగుతుంది, మీరు నేల మీదుంటే సాగదు.

చివరిగా, వెనక్కి చూడటం. సర్వైవర్‌కి కెమెరా వీపు వెనక ఉంటుంది, పరుగు ఆపకుండానే మౌస్ తిప్పి వెనకవాణ్ణి చూడొచ్చు. తిన్నని దారిలో వెనక్కి, మూల దగ్గర ముందుకి చూడాలి. ఇది తిరగేసి చేసేవాళ్లే చెట్లకు గుద్దుకుంటారు. కస్టమ్ గేమ్‌లో ఒకే మ్యాప్‌లో రోజుకు పావుగంట ఇదొక్కటే సాధన చేస్తే వారంలో చేతికి అలవాటవుతుంది.

అపోహ: కిటికీ దాటాక కూడా దెబ్బ తగిలిందంటే వాడు హ్యాక్ వాడుతున్నాడు

చాలాసార్లు అది పింగ్, అంటే సర్వర్‌కి సమాచారం వెళ్లి రావడంలో ఆలస్యం. మీ తెరపై మీరు దాటేశారు, కిల్లర్ తెరపై ఇంకా కిటికీలోనే ఉన్నారు. వాడికి కనిపించిన దెబ్బే ఎక్కువగా చెల్లుతుంది. ముంబై సర్వర్‌లో మ్యాచ్ దొరికితే కృష్ణా, గుంటూరు వైపు ఫైబర్ కనెక్షన్లకు ఇబ్బంది ఉండదు. మ్యాచ్ సింగపూర్ వైపు పోయినా, రౌటర్ ముందు గదిలో పెట్టి పడగ్గదిలో వైఫై మీద ఆడినా తేడా తెలుస్తుంది. వైర్ లాగడం మొదటి మందు. అది కుదరకపోతే పాలెట్, కిటికీ రెండూ అర సెకను ముందు వాడండి.

కరెంటు పోవడం ఇంకో తలనొప్పి. మధ్యలో తెగితే మీ బదులు కంప్యూటర్ నడిపే బాట్ ఆడుతుంది, మీకు మాత్రం పెనాల్టీ పడుతుంది. మాటిమాటికీ తెగితే అది పెరుగుతూ పోతుంది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉన్నా రౌటర్‌ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ. దాన్నీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి.

అపోహ: గుండె చప్పుడు వినబడకపోతే కిల్లర్ దగ్గర్లో లేనట్టే

ఎక్కువమంది కిల్లర్లకు గుండె చప్పుడు వినబడే దూరం 32 మీటర్లు. కానీ కిల్లర్లలో రైత్ గంట కొట్టి మాయమయ్యాక, గోస్ట్ ఫేస్ పొంచి ఉన్నప్పుడు, పిగ్ వంగి నడిచేటప్పుడు ఆ గుండె చప్పుడు ఉండదు. జెన్ చేస్తూ పిస్టన్లను చూడటం కొత్తవాళ్ల అలవాటు. జెన్‌ని చూడక్కర్లేదు, అదెక్కడికీ పోదు. కెమెరా నాలుగు వైపులా తిప్పుతూ ఉండండి. ఫ్యాన్ గిరగిరా తిరిగే గదిలో స్పీకర్లు పెట్టి ఆడితే సగం ఆధారాలు పోతాయి, రెండు చెవులకూ వేరుగా వినిపించే హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఖరీదైనది కాకపోయినా సరే.

స్కిల్ చెక్ (జెన్ చేస్తుండగా సరిగ్గా సమయానికి బటన్ నొక్కాల్సిన పరీక్ష) రావడానికి ముందు ఒక చిన్న శబ్దం వస్తుంది. అది విని కూడా జెన్ వదిలి పరుగెత్తితే తప్పినట్టే లెక్క: జెన్ పేలుతుంది, పది శాతం పోతుంది, మీ చోటు కిల్లర్‌కి తెలుస్తుంది. ఆ ఒక్కటీ కొట్టి కదలండి.

అపోహ: అందరం ఒకే జెన్ మీద పడితే తొందరగా అయిపోతుంది

ఆ ఒక్క జెన్ తొందరగా అవుతుంది, నిజమే. ఇద్దరైతే 53 సెకన్లు, ముగ్గురైతే 43. ఒక్కో మనిషి చేరేకొద్దీ అందరి పనితనం 15 శాతం చొప్పున తగ్గడమే కారణం. ముగ్గురు 43 సెకన్లంటే మొత్తం 129 సెకన్ల శ్రమ, 90కి అయ్యే పనికి. పైగా కిల్లర్ వస్తే ముగ్గురి పనీ ఒకేసారి ఆగిపోతుంది. విడిపోవడమే దారి. చేయాల్సినది చివరి జెన్ ఒక్కటే అయి, అది సగం దాటినప్పుడు మాత్రం ఇద్దరు కూర్చోవచ్చు.

ఏ జెన్ ముందు చేయాలన్నది ఇంకా పెద్ద విషయం. నాలుగు పూర్తయ్యాక మైదానంలో మూడు మిగులుతాయి. ఆ మూడూ పక్కపక్కనే ఉంటే కిల్లర్ అక్కడే ముక్కోణంలో తిరుగుతూ కాపలా కాస్తాడు, అరగంటైనా ఆట కదలదు. మొదట్లోనే ఆ గుంపులోంచి ఒకటి తీసేయండి. డెజా వూ అనే పెర్క్ (ఆటకు ముందు ఎంచుకునే అదనపు శక్తి) దగ్గరదగ్గరగా ఉన్న మూడింటినీ చూపిస్తుంది, కొత్తవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చేవి తక్కువ.

అపోహ: దెబ్బ తగిలితే ముందు హీల్ అవ్వాలి, అందుకు సెల్ఫ్-కేర్ ఉండాలి

జట్టువాడు హీల్ చేస్తే 16 సెకన్లు. తనకు తానే కట్టు కట్టుకునే పెర్క్ సెల్ఫ్-కేర్ వేగం పూర్తి స్థాయిలోనూ 35 శాతమే, అంటే దాదాపు 46 సెకన్లు. అర జెన్ అయ్యే సమయం. మైదానం మూలకు పోయి ఒంటరిగా కట్టు కట్టుకునేవాడికన్నా దెబ్బతోనే జెన్ మీద కూర్చున్నవాడు జట్టుకి మేలు. పక్కనే మనిషి ఉండి, కిల్లర్ దూరంగా ఉంటే హీల్ అవ్వండి. ఆ పెర్క్ చోటులో కిండ్రెడ్ పెట్టుకుంటే, మీరు హుక్ (కిల్లర్ పడగొట్టినవాళ్లని వేలాడదీసే కొక్కెం) మీద ఉన్నప్పుడు ఎవరు వస్తున్నారో అందరికీ కనబడుతుంది. ఒకరి వెనక ఒకరు ముగ్గురూ రక్షించడానికి పరుగెత్తే తిరునాళ్ల తప్పుతుంది.

అపోహ: హుక్ మీద వేయగానే పరుగెత్తి విడిపించాలి

హుక్ మొదటి దశ 70 సెకన్లు, రెండోది ఇంకో 70. మూడోసారి వేలాడదీస్తే అంతే. మొదటి దశ దాటి రెండోదానిలోకి జారితే అతనికి ఒక ప్రాణం పోయినట్టు. కాబట్టి చేరవలసిన గడువు 70, అంతేగానీ 10 కాదు. హుక్ నలభై ఎనిమిది మీటర్ల దూరంలో ఉంటే పరుగున పన్నెండు సెకన్లు. ఈలోపు మీ జెన్ ముప్పై సెకన్లలో అయ్యేలా ఉంటే పూర్తి చేసి బయల్దేరినా టైమ్ సరిపోతుంది. కిల్లర్ ఇంకా హుక్ పక్కనే ఉండగా వెళ్లి విడిపిస్తే అతనూ మళ్లీ పడతాడు, మీరూ పడతారు.

అక్కడే కూర్చుని కాపలా కాసే కిల్లర్ ఎదురైతే తిట్టుకుంటూ చుట్టూ గుమిగూడకండి. రెండు దశలు కలిపి 140 సెకన్లు, ముగ్గురు జెన్‌ల మీద ఉంటే 420 సెకన్ల పని: నాలుగు జెన్‌లు పోను ఐదోదానిలో మూడింట రెండు వంతులు. నడిచే సమయం తీసేసినా వాడికి అది నష్టమే. పైగా కిల్లర్ హుక్‌కి దగ్గరగా ఉన్నకొద్దీ వేలాడుతున్నవాడి మీటర్ నిండుతుంది, నిండితే తనే దిగొచ్చు. మీరు దగ్గర నక్కితే ఆ మీటరే నెమ్మదిస్తుంది.

అపోహ: గేటు తెరుచుకుంటే ఆట గెలిచినట్టే

గేటు తెరవడానికి 20 సెకన్లు పట్టుకోవాలి. వదిలినా అప్పటిదాకా చేసినది పోదు, విడతలుగా చేయొచ్చు. పైన ఎర్ర దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి, దూరంగా ఉన్న కిల్లర్‌కి అవి కనబడతాయి. తెరిచిన దగ్గర నుంచి రెండు నిమిషాల గడువు నడుస్తుంది, లోపలే ఉండిపోతే ఆటే మిమ్మల్ని చంపేస్తుంది. గేటు దగ్గర నిలబడి టార్చి ఆడిస్తూ కిల్లర్‌ని వెక్కిరించేవాళ్లలో కొందరు అక్కడే పడిపోతారు. ఆఖరి జెన్ అయ్యాక ఒక్క దెబ్బకే పడగొట్టే పెర్క్ ఒకటి కిల్లర్ల దగ్గర ఉంటుంది.

మీరొక్కరే మిగిలితే నేల మీద హ్యాచ్ (బయటపడే చిన్న తలుపు) తెరుచుకుంటుంది, దగ్గర్లోకి వెళ్తే గాలి ఊదుతున్న చప్పుడు వస్తుంది. కిల్లర్ ముందు చేరి దాన్ని మూసేస్తే అదే రెండు నిమిషాల గడువు మొదలై, గేట్లకి కరెంటు వస్తుంది. అప్పుడు వాడు రెండు గేట్ల మధ్య తిరుగుతాడు. వాడు ఏ గేటు దగ్గర నుంచి ఇప్పుడే వెళ్లాడో అక్కడికి చేరండి. మొదటి దీపం వెలిగేలోపు ఆపి గోడ వెనక నిలబడండి. వాడు ఒకసారి తొంగి చూసి మళ్లీ రెండో గేటు వైపు తిరిగాక మిగతా సెకన్లు ఒకే పట్టున పట్టండి.