తేలు కుట్టినా నొప్పి లేదంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వేరుశనగ పీకుడు మొదలైందనీ, కళ్ళంలో మోపు ఎత్తబోయిన పక్కింటి అబ్బాయిని ఎర్రతేలు కుట్టిందనీ రాశారు. ఆసుపత్రి నుంచి క్షేమంగా తిరిగి వచ్చాడని చదివి మనసు కుదుటపడింది. "వాడు నొప్పి పెద్దగా లేదన్నాడు, కానీ చొక్కా తడిసేలా చెమట పట్టింది. నొప్పి లేకపోతే విషం ఎక్కనట్టే కదా తాతయ్యా?" అని చిన్నది అడిగింది.

కాదమ్మా. కుట్టినచోట మంటకు గిలగిలలాడుతూ, మిగతా ఒళ్ళంతా మామూలుగా ఉన్న పిల్లవాడిని చూస్తే నాకు అంత భయం లేదు. వాంతులై, నోట చొంగ కారుతూ, అరచేతులు మంచులా చల్లబడిన పిల్లవాడు నొప్పి లేదని నవ్వినా నాకు భయమే.

మా ఎద్దులబండికి ఒక ముల్లుగర్ర ఉండేది. ఎర్రతేలు విషం అలాంటి ముల్లుగర్రే. అది నరాలను ఆపకుండా పొడుస్తుంటే గుండె అనే ఎద్దు పరుగు లంకించుకుంటుంది. అదే సమయంలో రక్తనాళాలు బిగుసుకుపోతాయి, అంటే రెండు కంచెల నడుమ బండిబాట ఇరుకైపోతుందన్నమాట. పొడుపు ఆగదు, దారి ఇవ్వదు, ఎద్దు చెమటలు కక్కుతుంది. చివరికి అది చతికిలబడితే వెనక బండ్లన్నీ నిలిచిపోయినట్టు, రక్తం వెనక్కి ఒత్తుకుని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడు ఆయాసం, దగ్గు, ఎర్రటి నురగ కనిపిస్తాయి. ఈ ఎద్దును నేను మరీ దూరం తోలుతున్నానని మీ నాన్న నవ్వుతాడు, అయినా మందు సంగతి కూడా దీనితోనే చెబుతాను. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో పనిచేసిన హిమ్మత్‌రావు బావస్కర్ అనే డాక్టరు 1980లలో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రను తేలుకాటుకు వాడి చూపారు. అది కంచెలను పక్కకు జరిపి బాటను వెడల్పు చేస్తుంది. తేలు విషానికి విరుగుడు సూదిమందు కూడా ఉంది. బావస్కర్ గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

నా పదో ఏట గడ్డివామి దగ్గర నన్ను మండ్రగబ్బ కుట్టింది. చూడటానికి అది నల్లగా, పట్టకారులాంటి లావుపాటి ముందు చేతులతో యముడిలా ఉంటుంది గాని, దాని విషం సాధారణంగా తనంతట తానే దిగిపోతుంది. మా ఊరి మంత్రగాడు వేపమండతో విసిరాడు, సాయంత్రానికి నాకు తగ్గింది, మహిమంతా వేపమండకు దక్కింది. ఆ పేరు పట్టుకుని, సన్న చేతుల ఎర్రతేలు కుట్టినవారినీ అతని అరుగు మీదే గంటలకొద్దీ కూర్చోబెట్టేవారు. మంచి మనిషే, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. అయినా ఆ గంటలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

అందుకని, కుట్టినచోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించి కట్టవద్దు. ఉంగరమో గాజో ఉంటే వాపు రాకముందే తీసేయండి. కుట్టిన వేళ గుర్తుపెట్టుకోండి. కుట్టించుకున్నది పిల్లలైతే, లేదా నేను చెప్పిన చెమటా వాంతులూ చల్లదనమూ ఎవరిలో కనిపించినా, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒకరోజు ఉండమని డాక్టరు అంటే ఉండండి. ఆ మాత్ర ఇంట్లో ఎవరూ వేయకూడదు, అది డాక్టరు రక్తపోటు చూసుకుంటూ ఇవ్వవలసిన మందు.

ఇక ఒక పని చెబుతాను. దొంగనోట్లు పట్టే ఊదారంగు టార్చి మీ నాన్న దుకాణంలో ఉంది కదా. అమావాస్య రాత్రి బూట్లు దులిపి తొడుక్కుని, నాన్నను వెంటబెట్టుకుని, దొడ్డి రాళ్ళగోడకు నాలుగడుగుల దూరంలో నిలబడి దానిని వెలిగించండి. ఏ సందులోనైనా తేలు ఉంటే పచ్చగా మెరుస్తుంది. చేయి మాత్రం చాపకండి. ఎన్ని కనిపించాయో నాకు రాయండి.

మీ తాతయ్య