డోర్ పక్కన ఆ సన్నటి గ్యాప్

కొత్త కారు పక్కన నిలబడి ముందు డోర్‌కీ ఫెండర్‌కీ (ముందు చక్రం మీది రేకు) మధ్య గ్యాప్‌ని పైనుంచి కిందిదాకా చూడండి. మామూలుగా 3, 4 మిల్లీమీటర్లుంటుంది. మధ్యలో ఒక్క మిల్లీమీటరు వెడల్పైతే చాలు, స్కేలు అక్కర్లేకుండానే కంటికి తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్ వంటి కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాల్లో కంప్యూటర్ మీద గీసినప్పుడు ఆ గీత తిన్నగానే ఉంటుంది. తంటా అంతా రేకుతోనే. వంచిన చోట అది ఆగదు.

డోర్ పైరేకు మందం దాదాపు 0.7 మి.మీ. ప్రెస్‌లో మొదటి డై, అంటే రేకుని నొక్కే అచ్చు, దాన్ని లాగి ఆకారం తెస్తుంది. తర్వాతి డైలు అంచులు కోసి మడుస్తాయి. డై పైకి లేవగానే మడత కాస్త వెనక్కి తెరుచుకుంటుంది. దీన్నే స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. అందుకే 90 డిగ్రీల మడత కావాలంటే, ఎంత తెరుచుకుంటుందో ముందే లెక్కగట్టి, అంత ఎక్కువ వంగేలా డైని చెక్కుతారు. అల్యూమినియం అయితే మరీ మొండిది, స్టీలు కంటే బాగా ఎక్కువ తెరుచుకుంటుంది.

రేకుని తక్కువ లాగినా చిక్కే. డోర్ మధ్యభాగం కనీసం 2 శాతమైనా సాగకపోతే, బొటనవేలితో నొక్కగానే డబ్బా మూతలా టక్కున లోపలికి పోయి వస్తుంది. ఎక్కువ లాగితే మూలల్లో పలచబడి చిరుగుతుంది. అన్నిటికన్నా కష్టం హ్యాండిల్ గుంట. దాని చుట్టూ లోహం ఒక్క తీరుగా సాగక, వెంట్రుక మందం పల్లాలు పడతాయి. ఉత్త రేకు మీద కనపడవు. నల్లరంగు వేశాక మాత్రం ట్యూబులైటు ప్రతిబింబం అక్కడ వంకర తిరుగుతుంది. అందుకే ట్రయల్ ప్యానెల్ మీద సానరాయితో తేలిగ్గా రుద్దుతారు. మిట్టల మీద గీతలు పడి మెరుస్తాయి, పల్లాలు రాయి తగలక మసగ్గా మిగులుతాయి. ఆ మచ్చల్ని బట్టి డైని మళ్లీ సరిచేస్తారు. తొందరపెడితే అయ్యే పని కాదిది.

ఇక బంపర్. అది ప్లాస్టిక్. మే నెల ఎండలో నల్ల కారు పైభాగం 70 డిగ్రీలకు చేరిందనుకోండి. 20 డిగ్రీల దగ్గర కొలిచిన మీటరు స్టీలు సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది, అంతే పొడవున్న బంపర్ ప్లాస్టిక్ 3 మి.మీ. పైనే పెరుగుతుంది. అందుకే దాన్ని కొన్ని చోట్లే గట్టిగా పట్టి, మిగతా చోట్ల పొడవాటి రంధ్రాలిచ్చి జరగనిస్తారు. రిపేరులో ఆ స్క్రూల్ని కదలకుండా బిగించేస్తే, పెరిగిన ప్లాస్టిక్‌కి దారి లేక స్క్రూకీ స్క్రూకీ మధ్య ఉబ్బుతుంది.