నరం చిట్లింది అంటాం, అసలు చిట్లేది ఏంటి?

విశాఖ పెదగంట్యాడలో ఇంటి అరుగు మీద పేపర్ చదువుకుంటున్న మా పెదనాన్నకి ఉన్నట్టుండి కుడి చెయ్యి వాలిపోయింది, మాట ముద్దగా అయింది, ఆ వెంటనే వాంతి. గాలి సోకిందని ఒకరు, పక్షవాతమని ఒకరు, తలో మాట అన్నారు. ఆస్పత్రిలో స్కాన్ చూసి డాక్టరు గారు మెదడులో నరం చిట్లిందన్నారు. ఆయన బీపీ మాత్ర మానేసి ఐదు నెలలైందని మాకు ఆ రోజే తెలిసింది. మానొద్దని పెద్దమ్మ పోరితే ఆయన ఒకటే మాట అనేవారట: "నాకేటీ నొప్పి లేదే, మందెందుకు?"

ఆ మాటకి ఆయన్ని తిట్టాలనిపించదు నాకు, ఎందుకంటే ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా దాదాపు అలాగే అనుకున్నారు.

ముందు ఆ 'నరం' సంగతి. రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, స్పర్శని మోసే తీగనీ నరమే అంటాం, అందుకే చాలామంది దీన్ని నరాల బలహీనత అనుకుని బలానికని బీ-కాంప్లెక్స్ బిళ్ళలు మింగుతుంటారు. చిట్లేది రక్తనాళం. మెదడు లోతుల్లో పెద్ద నాళాల నుంచి నేరుగా చీలే సన్నటి నాళాలుంటాయి, ఏళ్ల తరబడి బీపీ దెబ్బ తింటూ తింటూ వాటి గోడలు పెళుసుబారి ఒకరోజు తెగుతాయి. కారిన రక్తం గడ్డకట్టి చుట్టుపక్కల మెదడుని నొక్కేస్తుంది, పుర్రె ఎముక కాబట్టి సాగదు, లోపల వాపుకి చోటుండదు.

హఠాత్తుగా కుప్పకూలిన మనుషుల్లో కొందరికి మెదడులో రక్తం కారిందని 1658లోనే స్విట్జర్లాండ్ వైద్యుడు వెప్ఫర్ శవాలను కోసి చూసి రాశాడు. 1868లో ఫ్రాన్స్‌లో షార్కో, బుషార్ అనే వైద్యులు ఆ సన్నటి నాళాల మీద చిన్న చిన్న బుడిపెలను గుర్తించారు. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పరికరం ఇటలీ వైద్యుడు రీవా రోచీ చేతుల్లో 1896లో వచ్చింది, స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చెప్పాడు. అంటే కొలవడం వచ్చేసింది. కానీ ఆ అంకె ఎక్కువుంటే ప్రమాదమని ఒప్పుకోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది! వయసుతో నాళాలు గట్టిపడతాయి, రక్తాన్ని తోయాలంటే ఆ ప్రెషర్ కావాల్సిందే, వయసుకి వంద కలిపితే ఎంతో అంత ఉండొచ్చు అనేవారు. ఈ వంద కలిపే లెక్క మన ఇళ్లలో పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తూనే ఉంది.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కథ చూడండి. 1944 మార్చిలో ఆయన బీపీ 186/108. దేశంలో ఏ వైద్యమైనా అందే మనిషి, అయినా దాన్ని దించే సరైన మందంటూ లేదు. 1945 ఏప్రిల్ 12న తల వెనక విపరీతమైన నొప్పి అంటూ ఒరిగిపోయాడు, అప్పుడు చూస్తే 300/190. మెదడులో రక్తస్రావం, వయసు 63. మూడేళ్లకి, 1948లో, ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలైంది, ఎక్కువ బీపీ మామూలు విషయం కాదని తేలింది అలాంటి వాటితోనే. తట్టుకోగలిగే మంచి మాత్రలు 1950ల చివర్లో వచ్చాయి, మాత్ర వేసుకుంటే స్ట్రోక్‌లు తగ్గుతాయని 1967లో రుజువైంది. పెదనాన్న పక్కన పెట్టేసిన ఆ చిన్న బిళ్ళ వెనక ఇంత ఉంది.

మరో సగం కథ స్కాన్‌ది. మన విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) 1923లో మొదలైంది. అప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లు, ఇక్కడే కాదు, ప్రపంచంలో ఏ ఆస్పత్రిలోనూ బతికున్న మనిషి మెదడులో నాళం మూసుకుపోయిందా చిట్లిందా అని తేల్చడానికి కారిన రక్తాన్ని నేరుగా చూసే దారి లేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంలో మొదటి పేషెంట్‌ని స్కాన్ చేశారు. కారిన రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది. అంతకు ముందు రెండూ పక్షవాతమే, రెంటికీ పావురం రక్తం పూయడాలూ నాటు మందులూ ఒకటే. వాపు తగ్గి మెదడు తనంతట తాను కొంత కోలుకుంటే పేరు మందుకి వచ్చేది.

కానీ ఈ రెండూ ఒకటి కాదు, వైద్యం పూర్తిగా ఎదురు. మూసుకుపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. చిట్లితే అదే ఇంజెక్షన్ ప్రాణం తీయగలదు, అక్కడ చేయాల్సింది బీపీని త్వరగా, జాగ్రత్తగా దించడం, కొందరికి ఆపరేషన్. బయటి నుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా ఉండొచ్చు. తలనొప్పి, వాంతి ఉంటే చిట్లడం అనుకోవచ్చుగానీ దాన్ని నమ్ముకోకూడదు, స్కాన్ చూడాల్సిందే.

ఆ రోజు 108 వచ్చేలోపు పక్కింటాయన మంచి మనసుతోనే ఆస్పిరిన్ తెచ్చి నీళ్లతో మింగించబోయాడు, గుండెపోటుకి ఇస్తారు కదా అని. మా అన్నయ్య వద్దని ఆపాడు. పెదనాన్న మింగే స్థితిలోనూ లేరు, నీళ్లు పెదవి పక్కనుంచి కారిపోతున్నాయి. మింగితే రక్తం గడ్డకట్టడం తగ్గి కారడం ఎక్కువయ్యేదేమో, లేదా ఆ బిళ్ళో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి వెళ్లేవి. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, చెయ్యి వాలిన టైం ఎంతో గుర్తుపెట్టుకుని అంబులెన్స్‌లో ఎక్కించారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో కూడా అన్నయ్య ఆ టైం మర్చిపోలేదు. డాక్టరు గారు మొదట అడిగింది అదే.