బీపీ బిళ్ళలకు టన్ను బండి

మా పక్కింటి మామ్మగారికి కావలసినవన్నీ ఎప్పుడూ ఒకేసారి గుర్తుకు రావు. పొద్దున బీపీ బిళ్ళలు, పదింటికి పెరుగు ప్యాకెట్, సాయంత్రం "అబ్బాయ్, అటు వెళ్తే కాస్త కొత్తిమీర" అని గోడ మీంచి కేక. అటు పనున్నా లేకపోయినా వెళ్తాను. మాది తెనాలి. మందుల షాపు ఇంటికి కిలోమీటరున్నర. మొదట్లో కారు తీసేవాణ్ణి. ఒకరోజు ఊరికే కూర్చుని లెక్క వేశాక, సైకిలు దుమ్ము దులిపాను.

బిళ్ళల షీటు పది గ్రాములు ఉంటుందేమో. దాన్ని తేవడానికి కదిలేది, నాతో కలిపి, దాదాపు టన్ను బరువు. రానూపోనూ మూడు కిలోమీటర్లు. అంత కొద్ది దూరానికి, ఇరుకు వీధుల్లో, లీటరుకు పది కిలోమీటర్లు వచ్చినా గొప్పే. అంటే 300 మిల్లీలీటర్ల పెట్రోలు. అందులో ఉన్న శక్తి సుమారు 2,300 కిలోకేలరీలు. ఒక మనిషి రోజంతా తినే తిండి అంత! పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 700 గ్రాములు.

తప్పంతా బరువుదే కాదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండర్ గోడలకు అంటుకుంటుంది. ఆవిరైనదే మండుతుంది కనుక, ఆ లోటు పూడ్చడానికి మొదట్లో పెట్రోలు ఎక్కువగా చిమ్మాల్సి వస్తుంది. మే నెల తెనాలిలో చల్లటి ఇంజిన్ ఏమిటని నవ్వకండి. చుట్టూ తిరిగే కూలెంట్ ద్రవం 90 డిగ్రీల దగ్గరికి చేరాల్సిన ఇంజిన్‌కి మన 42 డిగ్రీలు చలే. పొగలోని విషవాయువుల్ని మార్చే క్యాటలిటిక్ కన్వర్టర్ అయితే 250, 300 డిగ్రీలకు గానీ సరిగా పని మొదలుపెట్టదు. అందాకా వచ్చే పొగ సగం శుద్ధి కూడా కాకుండా మన వీధిలోకే. పైగా లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. సైలెన్సర్ బాగా వేడెక్కేలోపే బండి ఆపేస్తే ఆ తేమ లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. పక్క వీధికి తిప్పే కారు త్వరగా పాడవడానికి ఇదో కారణం.

ఇక సైకిలు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో, చదును రోడ్డు మీద, నా కాళ్ళు పెడల్‌కి ఇవ్వాల్సింది 50 వాట్ల లోపే. పాతకాలపు 60 వాట్ల బల్బు కూడా పూర్తిగా వెలగదు. మన కండరాలు తిండిలోని శక్తిలో నాలుగో వంతు లోపే పనిగా మారుస్తాయి, మిగతాది వేడై చెమట పట్టిస్తుంది. అదీ కలుపుకున్నా మూడు కిలోమీటర్లకు అయ్యేది 50 కిలోకేలరీలు. అంటే ఒక్క ఇడ్లీ. అదే దూరం నడిస్తే మూడు ఇడ్లీలు కావాలి. నడిచేటప్పుడు అడుగడుక్కీ ఒంటిని కాస్త పైకెత్తి దించుతాం, కాలు ఆనించిన ప్రతిసారీ కాస్త బ్రేకు వేసుకుంటాం. సైకిలు మీద ఆ బరువు సీటు మోస్తుంది.

గాలి అడ్డు సంగతి? వేగం రెట్టింపైతే దాన్ని దాటడానికి కావలసిన వాట్లు ఎనిమిది రెట్లవుతాయి. పందేల వాళ్ళు వంగి తొక్కేది అందుకే. 12 కిలోమీటర్ల వేగంలో మాత్రం నన్ను ఎక్కువగా లాగేది గాలి కాదు, టైరు. నేలకు ఆనిన చోట టైరు నొక్కుకుని, మళ్ళీ తేరుకునేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. గాలి తగ్గిన టైరు ఎక్కువ నొక్కుకుంటుంది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు తయారుచేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పుణ్యమా అని, వారానికోసారి గాలి కొట్టించుకుంటే చాలు.

మొన్న మామ్మగారు పాతిక కిలోల బియ్యం బస్తా అడిగారు. కారు తీద్దామనుకున్నాను. లెక్క చూస్తే, చదునులో ఆ బస్తా అదనంగా అడిగేది ఎనిమిది వాట్లే. చిక్కంతా బయలుదేరేటప్పుడు, తూగు నిలుపుకోవడంలో. బరువు కిందుగా ఉంటే ఆగినప్పుడు ఒరిగిన సైకిలును నిలబెట్టడం తేలిక. అందుకని క్యారియర్ మీద అడ్డంగా పడుకోబెట్టి ట్యూబు ముక్కతో బిగించాను. హ్యాండిల్‌కి ఏదీ తగిలించను. ఒకసారి సంచి ఊగి స్పోకుల్లో పడి, మామ్మగారి పెరుగంతా మడ్‌గార్డు తాగింది.

ఇదంతా డెల్టా నేల చలవ. విశాఖలో ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. నూటికి అయిదు మీటర్లు ఎక్కే రోడ్డు మీద ఇదే వేగానికి 200 వాట్లు కావాలి. మా ఊళ్ళో ఉన్న ఎత్తల్లా కాలవ వంతెనే. అక్కడ దిగి బస్తాతో సైకిలు తోసుకుంటూ ఎక్కాను. బస్తానూ సైకిలునూ పైకి చేర్చే పని తొక్కినా తోసినా ఒకటే, కాకపోతే ఎక్కువసేపు తీసుకుంటే వాట్లు తగ్గుతాయి. వెనక ఆటో అతను హారన్ కొట్టాడు గానీ, భౌతికశాస్త్రం నా వైపే ఉంది.

బస్తా దించగానే మామ్మగారు ప్లేట్లో రెండు ఇడ్లీలు పెట్టారు. బస్తా బరువు కలుపుకున్నా ఒకటి చాలు. రెండూ తిన్నాను.