'అనలాగ్ మిక్స్' రేటు మీద తగువు: మీటర్ మారిన నాటి నుంచి

గోదావరి డెల్టా స్టూడియోల్లో 'అనలాగ్ మిక్స్' పేరుతో వేరే రేటు అడగడం మీద మళ్ళీ మాటలు పెరిగాయి. పద్యనాటక సమాజాలు, భజన బృందాలు, క్రైస్తవ గీతాల ఆల్బమ్‌లు చేయించుకునేవాళ్ళు అడుగుతున్నది ఒక్కటే. కంప్యూటర్‌లో ఉన్న పాటను బయటి అనలాగ్ పెట్టెల (ధ్వనిని అంకెలుగా మార్చకుండా కరెంటుగానే నడిపేవి) గుండా తిప్పి మళ్ళీ కంప్యూటర్‌లోకే తెస్తున్నారు కదా, ఆ అదనపు డబ్బుకు మాకు దక్కేదేమిటి?

గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, కంప్యూటర్లు వరసగా ఎలా వచ్చాయో అందరికీ తెలిసిందే. ఈ తగువుకు అసలు మూలం 1992లో ఉంది.

అంతకు ముందు పెద్ద స్టూడియోల్లో 24 ట్రాకులంటే (ఒక్కో గొంతుకు, వాయిద్యానికి వేరు వరస) 2 అంగుళాల వెడల్పు టేపు. సెకనుకు 30 అంగుళాల వేగంతో నడిపితే 2,500 అడుగుల చుట్ట 16 నిమిషాల పైచిలుకులో అయిపోయేది. ఊళ్ళలో చిన్న స్టూడియో పెట్టుకునేవాళ్ళకు అది అందని ఖర్చు. 1992లో అమ్మకానికి వచ్చిన అలేసిస్ ఏడాట్ యంత్రం ఎస్-వీహెచ్ఎస్ వీడియో టేపు మీద 8 డిజిటల్ ట్రాకులు రాసేది. మూడింటిని కేబుల్‌తో కలిపితే 24 ట్రాకులు. మరుసటి ఏడాది టాస్కామ్ డీఏ-88 హై-8 టేపుతో అదే పని చేసింది. మైకులు, మిక్సింగ్ బోర్డు, కంప్రెసర్లు (పెద్ద శబ్దాలను నొక్కి తగ్గించే పెట్టెలు) మాత్రం అన్నీ పాతవే, అనలాగువే. అంటే ఇవాళ కొత్త ప్యాకేజీగా అమ్ముతున్న అనలాగ్-డిజిటల్ కలయిక అప్పుడే రోజువారీ పద్ధతి అయిపోయింది. దానికి ఎవరూ వేరే పేరు పెట్టలేదు, వేరే రేటూ కట్టలేదు.

ఆ మార్పులో మీటర్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. టేపు రోజుల్లో ఇంజనీరు చూసింది ధ్వని స్థాయి చూపే వీయూ మీటర్ ముల్లును. అది నెమ్మదైన ముల్లు, అసలు విలువ చూపడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. డోలు మీద దెబ్బ పడినప్పుడు అసలు శిఖరం ముల్లు చూపేదానికంటే 10 డీబీ (డెసిబెల్, ధ్వని స్థాయి కొలమానం) పైన ఉన్నా అది చూపించదు. చూపించకపోయినా ఇబ్బంది ఉండేది కాదు, ఎందుకంటే సున్నా దాటిన శిఖరాన్ని టేపు మెత్తగా గుండ్రం చేసేది. డిజిటల్ మీటర్ లెక్క వేరు. అక్కడ సున్నా అంటే ఆఖరి అంచు. దాటితే అల తల అడ్డంగా తెగిపోతుంది, చెవికి చిటపటగా వినిపిస్తుంది.

ఏడాట్ 16 బిట్ల యంత్రం, అంటే ధ్వని తాలూకు ఒక్కో కొలతను 16 అంకెలతో రాసేది. లెక్క ప్రకారం దాని పరిధి, అంటే అతి పెద్ద శబ్దానికీ యంత్రపు సొంత రొదకీ మధ్య దూరం, 96 డీబీ. పైన 18 డీబీ ఖాళీ వదిలితే మిగిలేది 78. అందుకే, అంచు తాకితే వెలిగే ఎర్రదీపం వెలగకుండా దాని పక్కదాకా స్థాయి తోసేవారు. ఆ రోజుకు అది సరైన పనే. 1997లో ప్రో టూల్స్ అనే కంప్యూటర్ రికార్డింగ్ వ్యవస్థ 24 బిట్లకు మారింది, 1998లో ఏడాట్ కూడా 20 బిట్లకు ఎక్కింది. ఇప్పటి మంచి కన్వర్టర్లు (అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చేవి) నిజంగా ఇచ్చేది 110 నుంచి 120 డీబీ. అందులో 18 వదిలేసినా 90 పైనే మిగులుతుంది. అంచుదాకా తోయాల్సిన అవసరం అక్కడితో తీరింది. అలవాటు మాత్రం ఇంజనీరు నుంచి శిష్యుడికి అలాగే దిగింది. డిజిటల్ అంటే గరుకు, అనలాగ్ అంటే మెత్తన అనే మాట ఎక్కువగా ఈ అలవాటు నుంచే పుట్టింది.

ఎలాగంటే, సాధారణంగా బోర్డు మీద వీయూ సున్నా అంటే +4 డీబీయూ (వోల్టేజిని డీబీల్లో చెప్పే కొలమానం), అంటే 1.228 వోల్టులు. దాన్ని కంప్యూటర్‌లో −18కి, అంటే డిజిటల్ సున్నాకు 18 డీబీ కిందికి, సరిచేస్తే డిజిటల్ సున్నా +22 డీబీయూ దగ్గర పడుతుంది. గొంతును −2 దాకా తోశారంటే బోర్డు నుంచి +20 బయటికి రావాలి. చిన్న మిక్సర్ల లోపల చాలావాటిలో ఉండే సరఫరా ప్లస్ 15, మైనస్ 15 వోల్టులే. ఒక్కో ఆంప్లిఫయర్ దశ +20, +21 దగ్గరే చేతులెత్తేస్తుంది. కంప్యూటర్‌లో ఎర్రదీపం వెలగదు, గొంతు మాత్రం గీరుకుపోతుంది. నింద డిజిటల్ మీద పడింది గానీ ఆ గీర తెచ్చింది అనలాగ్ మిక్సరే.

ఈ ప్రాంతపు గానానికి ఇది మరీ తగులుతుంది. పద్యం పాడే నటుడు మొదటి పాదం మాటలా ఎత్తుకుంటాడు. చివరి పాదం పూర్తి చేసి తారస్థాయిలో రాగం తీసేసరికి మైకు మీద స్థాయి 20 డీబీ పెరగడం మామూలే. మొదటి పాదం విని గెయిన్ (మైకు స్థాయి ఎంత పెంచాలో) కట్టినవాడు చివరి రాగాన్ని పాడు చేసుకుంటాడు. పద్ధతి తెలిసినవాళ్ళు ముందే ఆఖరి రాగం పాడించుకుని, దాని శిఖరం −10 దగ్గర ఆగేలా గెయిన్ పెడతారు. మొదటి పాదం అప్పుడు −30 దగ్గర ఉంటుంది, 24 బిట్లలో దానికి నష్టమేమీ లేదు. లోపలికి వెళ్ళేటప్పుడే కంప్రెసర్ వేయాలంటే 2:1 నిష్పత్తి, పై శిఖరాల్లో 3, 4 డీబీ తగ్గింపు చాలు. రికార్డయిన నొక్కుడును తర్వాత తీసేయలేం. సన్నాయికి, డోలుకు మైకు ప్రీఆంప్ మీదున్న 20 డీబీ ప్యాడ్ (స్థాయి తగ్గించే బటన్) నొక్కకుండా మొదలుపెట్టకూడదు.

బయటి పెట్టెల ర్యాకులు కొన్న స్టూడియోలవాళ్ళు చెప్పేది, ట్రాకులను బయటి సమ్మింగ్ మిక్సర్‌లో కలిపితే వెడల్పు, వెచ్చదనం వస్తాయని. ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులు ధ్వనికి కొంత రంగు కలుపుతాయన్నది నిజమే. టేపు రోజుల నుంచి పని చేస్తున్న ఇంజనీర్లు మాత్రం అసలు పని మైకు నుంచి ధ్వని లోపలికి వచ్చే దారిలోనే ఉందంటారు. ఆ మాటకు లెక్క తోడుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ లోపల 32 లేదా 64 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో కూడిక జరుగుతుంది, అక్కడ పోయేదేమీ లేదు. బయటికి తిప్పితే ఒకసారి అనలాగ్‌లోకి, మరోసారి డిజిటల్‌లోకి మార్పిడి అవుతుంది, దారిలో ఆలస్యం కూడా చేరుతుంది. బయటి కంప్రెసర్ నుంచి వచ్చిన ట్రాకును అసలు ట్రాకుతో కలిపితే, మధ్య తేడా 48 కిలోహెర్ట్జ్ దగ్గర (సెకనుకు 48,000 కొలతలు, అంటే శాంపిళ్ళు) 48 శాంపిళ్ళున్నా చాలు, అది 1 మిల్లీసెకను. 500, 1,500, 2,500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడి గొంతు బోలుగా వినిపిస్తుంది. ఒక క్లిక్ శబ్దాన్ని అదే దారిలో పంపి, తిరిగి వచ్చినదాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, ఎన్ని శాంపిళ్ళు వెనకబడిందో లెక్కపెట్టి, ఆ మేర ముందే వినిపించేలా ట్రాకును జరపాలి. కంప్యూటర్ బఫర్ (ధ్వనిని కాస్త ఆపి పంపే నిల్వ) మార్చిన ప్రతిసారీ మళ్ళీ కొలవాలి. అదనపు రేటు అడిగేవాళ్ళు ముందు ఈ కొలత చూపించాలి.

స్థాయిలు సరిచేయడానికీ ఖరీదైన పరికరం అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి −18 స్థాయిలో టోన్ (ఒకే శ్రుతిలో నిలకడ శబ్దం) వదిలి, ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుల్ 2, 3 పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఏసీ 1.23 వోల్టులు వచ్చేదాకా ఔట్‌పుట్ తిప్పాలి. టోన్ 200 హెర్ట్జ్ పెట్టాలి, 1,000 కాదు. చవక మల్టీమీటర్లు 50 హెర్ట్జ్ ఇంటి కరెంటు కోసం చేసినవి, పై శ్రుతుల్లో తక్కువ చూపిస్తాయి. సరిపడిన చోట నాబ్ పక్కన గుర్తు పెట్టి టేపు అంటించాలి.

డెల్టాలో ఇంకో చిక్కుంది, దాన్ని రెండు పక్షాలూ చిన్నచూపు చూస్తున్నాయి. రొయ్యల చెరువుల ఏరియేటర్లు నడిచే ఫీడర్ (కరెంటు లైను) మీదే స్టూడియో ఉంటే రాత్రిపూట వోల్టేజి పడిపోతుంది. కంప్యూటర్ పవర్ సప్లై దాన్ని తట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్, రెగ్యులేటర్‌తో నడిచే పాత అనలాగ్ పెట్టె తట్టుకోదు. వోల్టేజి 190 చుట్టుపక్కలకు దిగితే చాలా పెట్టెల్లో రెగ్యులేటర్ పట్టు వదిలేస్తుంది, 100 హెర్ట్జ్ గుయ్ మనే శబ్దం మిక్స్‌లోకి దిగుతుంది. దాన్ని ఎర్త్ లూప్ (రెండు పెట్టెల ఎర్త్ తీగలు కలిసి చేసే వలయం) అనుకుని ప్లగ్గు మూడో పిన్ను తీసేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. లూప్ వల్ల వచ్చే హమ్‌లో 50 హెర్ట్జ్ ఉంటుంది, దానికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదా కేబుల్ షీల్డును ఒక వైపే విప్పాలి. వోల్టేజి వల్ల వచ్చే గుయ్‌కి మందు వోల్టేజిని నిలకడగా ఉంచే సర్వో స్టెబిలైజర్. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ప్యాచ్‌బే (పెట్టెల కేబుళ్ళు కలిపే పలక) కాంటాక్టులు మసకబారి ఒక ఛానెల్ ఉన్నట్టుండి పలచబడుతుంది. నెలకోసారి ప్రతి జాక్‌నీ పదిసార్లు పెట్టి తీయాలి.

బృందాలు అడగాల్సింది రెండు వేవ్ ఫైళ్ళు, ఒకే పాట బయటికి తిప్పకుండా ఒకటి, తిప్పి ఒకటి, రెండూ 24 బిట్లలో. ర్యాకు గుండా వచ్చినది తరచుగా 1 డీబీ పెద్దగా ఉంటుంది, పెద్దగా ఉన్నదే చెవికి బాగుందనిపిస్తుంది. అందుకే రెండింటి స్థాయినీ 0.2 డీబీ తేడాలోపు సమం చేయాలి. తర్వాత ఏది ఏదో పాడినవాడికి చెప్పకుండా, అతను తీసిన ఆఖరి రాగం దగ్గర నుంచి వినిపించాలి.