మిరప నారుకు నీళ్లెప్పుడు?

జులై, ఆగస్టు వచ్చాయంటే గుంటూరులో పొలాల్లోనే కాదు, మిద్దెల మీదా మిరప నారు లేస్తుంది. టీ కప్పుల్లో, పెరుగు డబ్బాల్లో, చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేలైన ప్రోట్రేల్లో. ఈ మిద్దె నారు ఎండకు చచ్చేదానికంటే మన ప్రేమకు చచ్చేదే ఎక్కువని నా అనుమానం. పైమట్టి పొడిబారినట్టు కనిపిస్తే చాలు, గ్లాసుడు పోసేస్తాం. కానీ కష్టమంతా అడుగున ఉంటుంది.

అక్కడేం జరుగుతుందో గిన్నెలు తోమే స్పాంజితో చూడొచ్చు. కొత్త స్పాంజిని బాగా నానబెట్టి పడుకోబెట్టినట్టు పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది! సన్నటి సందులు నీటిని పట్టి ఉంచుతాయి. భూమ్యాకర్షణ ఆ పట్టు విడిపించాలంటే నీటికి కొంత ఎత్తు కావాలి. అందుకే ఎన్ని చిల్లులు పెట్టినా కుండీ అడుగున కొంత మట్టి ముద్దగానే ఉంటుంది. ఆ ముద్ద ఎంత మందమన్నది మట్టి రకాన్ని బట్టే తప్ప కుండీ లోతును బట్టి కాదు. లోతైన కుండీలో రెండంగుళాల ముద్ద ఉన్నా ఫర్వాలేదు. మూడంగుళాల కప్పులో అయితే వేళ్లకు మిగిలేది ఒక్క అంగుళం. అడుగున గులకరాళ్లు వేస్తే నీరు దిగుతుందంటారు గానీ, సన్నమట్టిలోని నీరు రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి సులువుగా దిగదు. రాళ్లు వేసినందుకు ముద్దే ఇంకాస్త పైకి జరుగుతుంది.

వేళ్లకూ ఆక్సిజన్ కావాలి. అది గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. సందులన్నీ నీటితో నిండితే వేరు డీలాపడి, చుట్టూ ఉన్న నీటిని కూడా సరిగా పీల్చుకోలేదు. మొక్క వాలుతుంది. దాహమేమో అనుకుని ఇంకో గ్లాసు పోస్తాం. పైగా నారుకుళ్లు తెచ్చే పిథియం అనే బూజులాంటి సూక్ష్మజీవి బీజాలు ఈదుకుంటూ వేరును చేరేదీ ఆ నీటిలోనే. నిన్న బాగున్న మొలక మొదట్లో మెత్తబడి ఇవాళ ఒరిగిపోతుంది.

మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారక్కర్లేదు. వేళ్లు అందించేదానికంటే ఎండ లాగేసేది ఎక్కువ, అంతే. సాయంత్రానికి తేరుకుంటాయి. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం కుండీ ఎత్తి చూడాలి. తేలికైతే నీళ్లు పోయాలి, బరువుగా ఉంటే మానాలి.

బరువు చూడటం పాత పద్ధతే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి గురువు 1724లో కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను పొద్దునా సాయంత్రం తూచి, ఆకుల్లోంచి ఎంత నీరు పోతోందో లెక్కగట్టాడు. మట్టిలోంచి ఆవిరి పోకుండా పైన సీసపు రేకు కప్పాడు. మనకంత అక్కర్లేదు, చేతులు చాలు. నీళ్లు పోసి, కారేదంతా కారాక ఒకసారి ఎత్తి ఆ బరువు గుర్తు పెట్టుకోండి. కుండీల్లో వాడే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) తనకంటే ఎన్నో రెట్లు బరువైన నీటిని పట్టుకుంటుంది కాబట్టి తేడా చేతికి ఇట్టే తెలుస్తుంది.

నల్లరేగడితో ఇంకో చిక్కుంది. ఎండితే అది ముడుచుకుని కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీరు పక్క సందులోంచి జారి బయటికొస్తే తడిసిందనుకుంటాం, లోపల గడ్డ పొడిగానే ఉంటుంది. అప్పుడు కప్పును నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, పైమట్టి నల్లబడగానే తీసేయాలి. ముసురు రోజుల్లో ఈ పని అసలు పడకపోవచ్చు. వర్షం ఎగ్గొట్టి వడగాడ్పు కొడితే మాత్రం పొద్దున తడిపిన ప్రోట్రేను సాయంత్రం మళ్లీ ఎత్తి చూడాల్సిందే.